ఎర్రపాలు

నమోదు 211

గాలి పూర్తిగా పడిపోయింది. నీళ్ళలో ఉప్పు మామూలుకన్నా ఎక్కువ. పక్షులు చెదిరిపోయాయి గానీ మధ్యాహ్నానికి చాలావరకు తిరిగొచ్చాయి. వంట చెయ్యలేదు. సిగ్నల్ టవర్ విరిగి నీళ్ళలో పడింది కాబట్టి ఈ రాతలు ఒడ్డునున్న మా పెద్దాఫీసుకి, అదే కేంద్రానికి, ఎప్పుడు చేరతాయో దేవుడికే తెలియాలి.

గాలి, ఉప్పు, పక్షులు, వంట. రోజూ ఈ నాలుగు ముక్కలు రాసి ఊరుకోమని కేంద్రంవాళ్ళు చెప్పి చెప్పి విసిగిపోయారు. చదివేవాళ్ళు ఉన్నప్పుడే నేను వినలేదు, ఇప్పుడు వింటానా?

చదివేది కొత్తవాళ్ళయితే నా సంగతి చెబుతాను. నా పేరు ధనకుమారి. ఈ పక్షుల తెప్ప మీద వంటదాన్ని. తెప్ప అంటే పీపాల మీద తేలే రెండు గదులు, ఓ వరస తొట్లు, ఓ షెడ్డు. అన్నం కూరలు వండేది మా వదిన సత్యవేణి. నేను వండేవి మందులు. కూర్పు యంత్రంలో ఇరవై రకాల పూసలుంటాయి, పుస్తకాల్లో అమైనో ఆమ్లాలంటారు. దేని తర్వాత ఏది గుచ్చాలో వరస తెలిస్తే చాలు, ఏ జీవి ఒంట్లో పుట్టే హార్మోనైనా దండ గుచ్చినట్టు గుచ్చెయ్యచ్చు.

నా వంటలో చాలావరకు పులసల కోసమే. సముద్రం రావులపాలెం దాకా వచ్చి కూర్చున్నాక పాపం వాటికి ఎదురీదడానికి గోదారి ఎక్కడుంది? సముద్రంలో ఉన్నంతకాలం దాని పేరు విలస; అలా వలలో పడ్డదాన్ని తొట్టి మార్చి తొట్టిలో వేస్తూ, ఉప్పు తగ్గిస్తూ, నా మందు సూది వేస్తూ మేమే పులసని చేస్తాం. ఆ మందు లేకపోతే మంచినీళ్ళలో దాని ఒంట్లో ఉప్పంతా కారిపోయి చచ్చిపోతుంది.

పక్షులంటే ఫ్లెమింగోలు. మేం రాజహంసలంటాం. పులికాట్ మునిగిపోయాక చోటు వెతుక్కుంటూ వచ్చి, మునిగిన కొబ్బరితోటల మీద పేరుకున్న ఉప్పుమట్టిలో దిగాయి. వాటి కాపలా మా అన్నయ్య నూకరాజు చూసేవాడు. కిందటేడు అన్నయ్య పోయాక వదిన ఆ పని అందుకుంది. ఎవరూ చెప్పలేదు, తనే బురదలోకి దిగింది.

నిన్నటి గాలివానలో షెడ్డు రేకొకటి లేచిపోయి గూటి మీదున్న మాలక్ష్మిని కొట్టింది. మాలక్ష్మి అంటే గుంపులో అందరికన్నా ఎర్రటి ఆడపక్షి. పొద్దున వదిన వెళ్ళేసరికి ప్రాణం లేదు. రెక్క ఎత్తి చూస్తే కింద పిల్ల. గుడ్డు పగిలి ఎంతోసేపు కాలేదు. బూడిదరంగు నూగు, తిన్నటి ముక్కు, లావు కాళ్ళు, అరుపు మాత్రం చెవులు చిల్లులు పడేలా ఉంది. వదిన దాన్ని జాకెట్లో పెట్టుకుని తెచ్చి వంటగదిలో వెచ్చపెట్టెలో పెట్టింది.

మూడేళ్ళయింది, ఈ గుంపులో ఒక్క పిల్ల బతకలేదు. ఈ ఏడు పొదిగినవాటిలో కూడా మిగిలింది ఇదొక్కటే. పిల్ల మొహం చూడని గుంపు ఒకచోట ఉండదని, ఎగిరిపోతుందని అన్నయ్య అనేవాడు. 

"ఇది కూడా పోతే నేను తుని ఎళ్ళిపోతానే ధనం," అంది వదిన పెట్టె మూత వేస్తూ. "చెల్లి ఎప్పట్నించో రమ్మంటంది. ఇంక చచ్చినవాటిని ఎత్తడం నా వల్ల కాదు."

నవ్వుతూ అంటే భయపడేదాన్ని కాదు. మామూలుగా అంది. నాకు పెళ్ళి లేదు, అన్నయ్య లేడు. వదిన కూడా వెళ్ళిపోతే ఈ తెప్ప మీద నేనూ పీపాలకి పట్టిన గుల్లలూ మిగులుతాం. నాకు మా వదిన కావాలి. ఆ ముక్క తనతో అనలేక ఇక్కడ రాస్తున్నాను.

నమోదు 212

గాలి లేదు. ఉప్పు అలాగే ఉంది.

పిల్ల గుడ్డుసొన, రొయ్యపొడి కలిపిన జావ తాగి కక్కేస్తోంది. సిరంజితో పోస్తే ఓ పక్క లోపలికి, ఇంకో పక్క నా చీర మీదకి. రాజహంస పిల్లకి కావలసింది పాలు. నవ్వకండి, ఇది నిజం. తల్లీ తండ్రీ ఇద్దరి గొంతులోనూ ఎర్రటి పాలు పుడతాయి. వంచిన ముక్కు కొసనుంచి పిల్ల నోట్లోకి బొట్లుబొట్లుగా కారుస్తాయి.

తల్లి పోయింది కానీ తండ్రి ఉన్నాడు. వాడి పేరు పెళ్ళికొడుకు. నడకలో అంత డాబు, తల తిప్పడంలో అంత టెక్కు. అన్నయ్య పెట్టిన పేరే. గాలివానంతా మాలక్ష్మి పక్కనే తడుస్తూ నిలబడి ఉన్నాడు. తిండి లేదు, కదల్లేదు. వదిన వాణ్ణి చంకలో ఇరికించుకుని మెడ పొడుగునా వేళ్ళతో నిమిరి చూసింది.

"ఎండిపోయాడే. గొంతు కాయితంలాగుంది."

ఇక్కడ నా తెలివి వికసించింది. పాలు పట్టించే హార్మోను పేరు ప్రొలాక్టిన్. ఆవుకైనా ఆడదానికైనా పాలు పడేది దాంతోనే. పావురానికీ రాజహంసకీ గొంతులో పాలు ఊరేదీ దాంతోనే. మరి నేను రోజూ పులసలకి వండే మందు? అదీ ప్రొలాక్టినే! చేప ఒంట్లో అది ఉప్పు కాపలా కాస్తుంది, అంతే తేడా. మందు నింపడానికి కేంద్రం నుంచి వచ్చే డబ్బాల మీద కూడా అదే పేరు. టవర్ లేకపోతేనేం, కొత్త వరస ఎవరినీ అడగక్కర్లేదు, మందు మా దగ్గరే లీటర్లకొద్దీ ఉంది.

మా పులసల పనిలో మందు బాగుందో లేదో చూడడానికి ఒకటే పరీక్ష. సూది వేసిన చేపని మంచినీళ్ళలో వదులుతాం. ఈదితే మంచి మందు. ఈ పూట వండినది అలా పరీక్ష చేశాను. చేప దర్జాగా ఈదింది. మా పనిలో అంతకన్నా గట్టి సాక్ష్యం ఉండదు. వదిన పక్షిని పట్టుకుంది, నేను సూది వేశాను. ఆ పూటంతా ఇద్దరికీ కాళ్ళు నేల మీద నిలవలేదు.

నమోదు 214

ఈ మాట రాయడం నాకేం సరదాగా లేదు. మందు పనిచెయ్యలేదు.

పొద్దునా సాయంత్రం సూది వేశాం. ఇవాళ వదిన కాంతిపుల్ల గొంతులోకి పెట్టి చూసింది. మొన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది, పాలు లేవు సరికదా చెమ్మ కూడా లేదు. పిల్ల అరుపు సన్నబడింది. తల ఓ పక్కకి వాల్చేస్తోంది.

వదిన కాంతిపుల్ల కడిగి పక్కన పెట్టింది. నన్ను తిట్టినా బాగుండేది.

నేను యంత్రం ముందు కూర్చుని రెండు దండలూ తెర మీద పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఒకటి పులసది. ఇంకోటి ఇదివరకు దావీదు బాబాయ్ మేకలకి పాలు ఎండిపోయినప్పుడు నేను వండిన మేకది. దావీదు బాబాయ్ పక్క తెప్ప మీద మేకలు పెంచుతాడు. పక్షి దండ వరస నా దగ్గర లేదు. కానీ ఈ రెండూ పక్కన పెట్టగానే నా తెలివితక్కువతనం నాకే కనబడింది.

మేక దండలో రెండొందల పూసలకి ఒకటి తక్కువ. పులస దండలో మొదట్లో ఓ డజను పూసలు లేనే లేవు. అవి లేకపోవడంతో దండని మడిచి పట్టుకునే ముడి ఒకటి పోయింది. మేకదానికి మూడు ముళ్ళు, చేపదానికి రెండు.

హార్మోను ఒక్కటీ ఉంటే చాలదు కదా. దాన్ని అందుకునే గూడు కణం మీద ఉండాలి. పుస్తకాల్లో రిసెప్టర్ అంటారు. ఆ దండా ఈ గూడూ కోట్ల ఏళ్ళుగా ఒకదాన్ని చూసుకుని ఒకటి మారుతూ వచ్చాయి. వెన్నెముక ఉన్న జీవులన్నీ ఒకప్పుడు ఉమ్మడి కుటుంబమే. అందులోంచి చేపలు ముందు వేరుపడి వెళ్ళిపోయాయి. వెళ్ళినవాళ్ళు తమ పద్ధతి తాము పెట్టుకున్నారు, దండా మార్చుకున్నారు, గూడూ దానికి తగ్గట్టు మార్చుకున్నారు. పక్షుల తాతలు, మేకల తాతలు ఆ తర్వాత కూడా చాలాకాలం ఒకే ఇంట్లో ఉండి, అప్పుడు విడిపోయారు. వదిన రవికె నేను వేసుకోవాలంటే ఓ కుట్టు విప్పితే చాలు. దావీదు బాబాయ్ చొక్కా తెచ్చి ఎన్ని కుట్లు విప్పినా నాకు రవికె అవదు. నేను పెళ్ళికొడుక్కి వేసింది చొక్కా.

పేరు ఒకటే కదా అని వేసేశాను. చేప ఈదింది కదా అని మురిసిపోయాను. చేప ఈదితే చేపకి మంచిదని అర్థం. పక్షిని అడగాలంటే పక్షినే అడగాలి.

వదినకి ఇదంతా చెప్పాను. తను విని, వేళ్ళ మీద లెక్కపెట్టి, చాలా రోజుల తర్వాత నన్ను ఏడిపించింది.

"రెండు ముళ్ళేసి పెళ్ళయిపోయిందనుకున్నావన్నమాట. అందుకే నీకు సంబంధం కుదర్లేదే ధనం."

"మేకది వెయ్యనా వదినా? సరిపోద్దో లేదో నాకు తెలీదు. కాకపోతే చేపకన్నా దగ్గరి చుట్టం."

"ఏస్తే చస్తాడా?"

"చావడు."

"పిల్ల ఎలాగూ చచ్చేలా ఉంది. ఎయ్యి."

ఆ మాటంటూ పిల్ల మెడ కింద చెయ్యి పెట్టి తల నిలబెట్టింది. మేక వరస ఎక్కించి యంత్రం తిప్పాను. దావీదు బాబాయ్ పడవ మీద పాలు తెచ్చి సంగతి విని, "కొంగకి మేకమందా! రేపు కొమ్ములొత్తాయేమో సూసుకోండమ్మా," అని వెళ్ళాడు. వెళ్ళేముందు టోపీ తీసి పెట్టె దగ్గర నిలబడి ఓ ప్రార్థన మాత్రం చేశాడు.

నమోదు 216

పాలు!

గాలి ఉందో లేదో నేను చూళ్ళేదు. పాలు పడ్డాయి. కాంతిపుల్ల పెడితే గొంతు లోపల ఒరిపిడి తగిలినట్టు ఎర్రగా, మందంగా, తడితడిగా ఉంది. వదిన పిల్లని తీసుకెళ్ళి వాడి ముక్కు కింద పెట్టింది. వాడు టెక్కుగా మొహం తిప్పుకున్నాడు. వదిన వాడి మెడని పైనుంచి కిందికి నిమురుతూ, "ఏం నాయనా, కట్నం తక్కువైందా?" అని బతిమాలింది. ముక్కు కొసన ఓ బొట్టు తేలింది. రక్తం బొట్టే అనుకుంటారు ఎవరైనా. పిల్ల దాన్ని అందుకుంది. మళ్ళీ నోరు తెరిచింది.

కక్కలేదు. మేం చూస్తూనే కూర్చున్నాం, కక్కలేదు.

మేకా రాజహంసా విడిపోయి ముప్ఫై కోట్ల ఏళ్ళు అయ్యుంటుంది. అన్నేళ్ళ తర్వాత కూడా ఆ ఇంటి మందు ఈ ఇంటివాడు గుర్తుపట్టాడు. నాకు ఏడుపొచ్చింది. నేను ఏడుస్తుంటే వదిన, "ముందు ఆ పులస తొట్టి చూడు, పొద్దుట్నించీ నీళ్ళు మార్చలేదు," అంది.

నమోదు 219

గాలి పడమర నుంచి. ఉప్పు తగ్గింది. పులసలు మూడో తొట్టిలోకి ఎక్కాయి.

పిల్ల బరువు పెరిగింది. వంటగదిలో పెట్టె, అవతల మట్టిలో తండ్రి. వదిన పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం దాన్ని మోసుకెళ్ళి పాలు పట్టించి తెచ్చేస్తుంది. బయట తేమ ఎక్కువ, గద్దలున్నాయి, పెట్టెలోనే క్షేమం అని ఇద్దరం అనుకున్నాం. అది పెట్టెలో ఒక్కతే ఉన్నంతసేపూ అరుస్తుంది. నేను వంట చేసుకుంటూ, "ఉండవే, మీ నాన్న ఎక్కడికీ పోడు," అని కబుర్లు చెబుతాను. ఇంకా పేరు పెట్టలేదు. కాళ్ళ మీద నిలబడి మట్టిలో తనంతట తను ముక్కు పెట్టేదాకా పేరు పెట్టకూడదని అన్నయ్య పద్ధతి.

వదిన రెండు ముద్దలు ఎక్కువ తింటోంది. నేను చూడనట్టు చూస్తున్నాను.

నమోదు 222

పాలు పలచబడుతున్నాయి.

నిన్ననే అనుమానం వచ్చింది, రంగు వెలిసినట్టుంది. ఇవాళ బొట్టు తేలడానికే చాలాసేపు నిమరాల్సి వచ్చింది. మోతాదు పెంచాను. ఏమీ తేడా లేదు. సూది వేసినచోట మెడ కింద గడ్డకట్టింది.

ఏం జరుగుతోందో నాకు అర్థమైంది, అర్థం కాకపోయినా బాగుండేది. మేకమందు దగ్గరి చుట్టమే, కానీ ఇంట్లోవాడు కాదు. కొన్నాళ్ళు భోజనం పెట్టిన ఒళ్ళు ఇప్పుడు, "ఎవరు నువ్వు?" అని నిలదీస్తోంది. దానికి ఎదురుమందు తయారు చేసుకుంటోంది. ఎంత ఎక్కువ పోస్తే అంత ఎక్కువ తయారుచేస్తుంది. అంతటితో ఆగితే సరే. రెండు దండలూ దగ్గరి పోలికలు కాబట్టి, రేపు వాడి ఒంట్లో సొంతంగా పుట్టే ప్రొలాక్టిన్‌ని కూడా పరాయిదనుకుని తినెయ్యచ్చు. అప్పుడు వీడికి ఈ జన్మలో పాలు పడవు.

ఇంకో సంగతి. బయటి నుంచి పోస్తున్నంతకాలం వాడి మెదడు, ఉంది కదా ఎందుకులే అని సొంతది చెయ్యడం మానేస్తుంది. సొంతది పుట్టాలంటే పిల్ల కళ్ళెదురుగా ఉండాలి, చెవి దగ్గర అరవాలి. అసలు రాజహంసలకి పాలు పడేది ఆ అరుపు వినే. మేమేం చేశాం? అరిచే పిల్లని పెట్టెలో పెట్టి మూతేశాం. ఇంత వండినదాన్ని, ఆ చిన్న సంగతి నాకు తట్టలేదు.

వదినతో చెప్పాను. "మందు ఆపేద్దాం వదినా. పిల్లని వాడి దగ్గర వదిలేద్దాం. వాడి పాలు వాడే తెచ్చుకోవాలి."

వదిన సూది కడుగుతోంది. కడగడం ఆపలేదు.

"తెచ్చుకోకపోతే?"

"పిల్ల పోద్ది."

"ఎంత కచ్చితంగా చెబుతున్నావు?"

"సగం సగం."

"ఆపను," అంది. "రెట్టింపు చెయ్యి."

"రెట్టింపు చేస్తే ఇంకా తొందరగా..."

"రెట్టింపు చెయ్యమన్నానా!" వదిన నా మీద అరవడం నేను ఇదే మొదటిసారి చూడ్డం. "మీ అన్నయ్యప్పుడూ ఇలాగే చెప్పారే. మందుని ఒళ్ళు పట్టుకోట్లేదమ్మా, ఆపి చూద్దాం, ఆయన ఒళ్ళే తేరుకోవచ్చు అన్నారు. డాక్టరు కాయితం మీద బొమ్మలేసి మరీ చెప్పాడు, ఇప్పుడు నువ్వు చెప్పినట్టే. నేను సరేనన్నాను. నా నోటితో నేనే సరేనన్నాను. ఆపితే ఏమవుద్దో నాకు తెలుసు ధనం. నాకు చెప్పకు."

ఆ డాక్టరు చెప్పినదాంట్లో తప్పులేదని, అప్పుడు అన్నయ్యకి ఇంకే దారీ లేదని నాకు తెలుసు. వదినకీ తెలుసు. తెలిసినంత మాత్రాన ఏం లాభం? నేను తన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. తడి చెయ్యి, చల్లగా ఉంది.  పిల్ల పెట్టెలోంచి అరుస్తూనే ఉంది.

రెట్టింపు వండాను. వండి సిరంజిలో నింపి తన ముందు పెట్టాను. అన్నయ్య భార్య, పక్షుల కాపలా తనది, తన మాట కాదనే హక్కు నాకెక్కడిది?

నమోదు 223

పొద్దున లేచేసరికి సిరంజి పెట్టినచోటే ఉంది, నిండుగా. వెచ్చపెట్టె ఖాళీగా ఉంది.

పరిగెత్తాను. వదిన మోకాళ్ళలోతు మట్టిలో పీట వేసుకుని కూర్చుంది, ఒళ్ళో పిల్ల. నాలుగడుగుల దూరంలో పెళ్ళికొడుకు ఒంటికాలి మీద ఎటో చూస్తూ నిలబడ్డాడు.

"అరవనియ్యి," అంది నన్ను చూసి. "దాని గొంతు వాడు వినాలన్నావుగా."

"మరి మందు?"

"చెప్పానా, ఆపితే ఏమవుద్దో తెలుసని. ఎక్కువ పోస్తే ఏమవుద్దో నువ్వు చెప్పావు. రెండూ తెలిసినప్పుడు కనీసం పక్కన కూర్చోవాలి కదే. అప్పుడు మీ అన్నయ్యని గాజుగదిలో పెట్టి నన్ను బయట కూర్చోబెట్టారు. ఈసారి నేను బయట కూర్చోను."

అన్నం అక్కడికే తీసుకెళ్ళి ముద్దలు కలిపి నోట్లో పెట్టాను, తన చేతులు ఖాళీ లేవు కాబట్టి. పిల్ల అరుస్తుంటే వాడు ఒకసారి తల తిప్పాడు. మళ్ళీ తిప్పుకున్నాడు. సాయంత్రానికి పాలు అసలే లేవు. వాడి ఒంట్లో మేకమందు మిగులు కూడా అయిపోయింది. జావ పోస్తే పిల్ల పాత కథే, కక్కింది.

నమోదు 224

ఉప్పు సంగతి రేపు రాస్తాను.

పిల్ల ఇవాళ పొద్దున్నుంచి అరవడం తగ్గించింది. మధ్యాహ్నానికి అసలు మానేసింది. వదిన ఒళ్ళో కళ్ళు మూసుకుని పడుకుంది, పొట్ట మాత్రం ఎగిరెగిరి పడుతోంది. పెళ్ళికొడుకు దగ్గరికి వచ్చాడు, అదొక్కటే మార్పు. నాలుగడుగులు రెండడుగులైంది.

ఇప్పుడు నా సంగతి రాయాలి. ఆపుదాం, ఆపుదాం అని అంత శాస్త్రం చెప్పినదాన్ని నేనే కదా. ఆ వాలిన మెడ చూసేసరికి నా శాస్త్రమంతా నీళ్ళు కారిపోయింది. వంటగదిలోకి వెళ్ళి ఆ నిండు సిరంజి తీసుకుని మట్టిలోకి దిగాను. ఈ పూట గడిస్తే చాలు, రేపటి సంగతి రేపు అనుకున్నాను. ఇంకొక్కసారి, ఇంకొక్కసారే.

వదిన నా చేతిలోది చూసింది.

"వద్దే."

"వదినా, చచ్చిపోద్ది. నేను సగం సగం అన్నాను, ఏమో, అంత కూడా లేదేమో. నాకేం తెలుసు? చేపమందు వేసిన మొహం నాది!"

"కూర్చో."

"ఇది పోతే నువ్వెళ్ళిపోతావు!"

అరిచేశాను. అనకూడదనుకున్నదంతా బురదలో నిలబడి ఏడుస్తూ అనేశాను. నువ్వెళ్ళిపోతే నాకెవరున్నారు, తుని వెళ్ళి ఏం చేస్తావు, నేనొక్కదాన్నీ ఇక్కడ ఎవరి కోసం వండాలి అని. నా అరుపుకి చుట్టూ ఉన్న పక్షులు రెక్కలు కొట్టుకుని దూరం జరిగాయి. పెళ్ళికొడుకు జరగలేదు.

వదిన పిల్లని ఒళ్ళోంచి తీసి మట్టిగూటి మీద పెట్టింది. తర్వాత నా చేతిలోంచి సిరంజి తీసుకుని, చెయ్యి పట్టి లాగి నన్ను పక్కన కూర్చోబెట్టింది. పీట మీద ఒక్కరికే చోటుంది, నేను బురదలోనే కూలబడ్డాను.

నా ఏడుపుకి లేచిందో, ఒడి వెచ్చదనం పోయినందుకు లేచిందో, పిల్ల కళ్ళు తెరిచి అరిచింది. మొదటిరోజులాంటి అరుపు కాదు. సన్నగా, విరిగిపోతూ ఒకటి. మళ్ళీ ఒకటి.

పెళ్ళికొడుకు రెండో కాలు కిందికి దించాడు.

గూటి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గొంతు లోపల్నుంచి ఏదో గురగురమన్నాడు, వాడు అలా మాట్లాడడం గాలివాన తర్వాత మేం వినలేదు. పిల్ల ఆ మాటకి జవాబిచ్చింది. వాడు మళ్ళీ అన్నాడు, ఇది మళ్ళీ చెప్పింది. చాలాసేపు అలాగే జరిగింది. పోటు నీళ్ళు మా మోకాళ్ళ మీదకి ఎక్కాయి. వదిన నా చెయ్యి వదల్లేదు. తర్వాత వాడు ఆ పొడుగు మెడని పిల్ల మీదుగా వంచి, ముక్కు తలకిందులు చేసి, దాని ముక్కుకి ఆనించాడు.

ఎవరూ నిమరలేదు. ఎవరూ బతిమాలలేదు. ముందు నీళ్ళలాంటి బొట్టు వచ్చింది. దాని వెనక ఎర్రది.

పిల్ల గుటక వెయ్యడం గొంతు మీద కనబడింది. వదిన లెక్కపెడుతోందనుకున్నాను, చూస్తే ఏడుస్తోంది. అన్నయ్య పోయిన రోజున కూడా తను ఏడవడం నేను చూళ్ళేదు, వచ్చినవాళ్ళకి కాఫీలు పెడుతూ తిరిగింది. ఇవాళ ముక్కు చీదుకుంటూ, కొంగంతా బురద చేసుకుంటూ, అన్నయ్యని పేరు పెట్టి పిలిచి ఏడ్చింది. నేను ఓదార్చలేదు. పక్కన కూర్చున్నాను.

నమోదు 251

గాలి నిదానం. ఉప్పు బాగుంది. పులసల మొదటి విడత పడవ ఎక్కింది. టవర్ లేచింది కాబట్టి పైన రాసినదంతా కేంద్రంవాళ్ళు ఒకేసారి చదవబోతున్నారు. తిట్టాలనుకుంటే తిట్టండి, ఒక్క ముక్క కూడా తీసెయ్యను. మీరు డబ్బాల మీద ఒకే పేరు వెయ్యడం మాత్రం మానెయ్యండి. ఏ జీవిదో కూడా వెయ్యండి.

మేకమందుకి పుట్టిన ఎదురుమందు వాడి సొంతదాని జోలికి పోలేదు. గడ్డ కరిగిపోయింది. పిల్ల వాడి కాళ్ళ మధ్యే తిరుగుతోంది, నిన్న మొదటిసారి మట్టిలో ముక్కు పెట్టి తుమ్మింది. ఇంక పేరు వెతకాలి. పెళ్ళికొడుకు చూడ్డానికి గుర్తుపట్టలేనట్టున్నాడు. ఒంట్లో ఉన్న ఎరుపంతా పాలలోకి పోయి, ఈకలు ఉతికిన పంచెలా తెల్లబడ్డాయి. ఆ టెక్కు మాత్రం చెక్కుచెదరలేదు.

టవర్ లేవగానే వచ్చిన మొదటి కాల్ తుని నుంచి, వదిన చెల్లెలు. గది సర్దించిందట, ఈ వారం పడవకి చోటు కూడా చెప్పి ఉంచిందట. నేను యంత్రం తుడుస్తున్నట్టు నటిస్తూ వింటున్నాను. తుడిచిందే తుడుస్తున్నాను.

వదిన చెంగుకి చేతులు తుడుచుకుని అంది. "ఇప్పుడెలా కుదురుద్దే? ఇంట్లో బాలింత ఉన్నాడు."

అవతల్నుంచి, బాలింతేంటి, ఉన్నాడేంటి అని అరుపు.

"ఉన్నాడు మరి. పిల్లకి పాలిస్తున్నాడు, ఒళ్ళంతా పాలిపోయాడు. ఇలాంటప్పుడు ఇంటి ఆడవాళ్ళు ఒదిలేసి ఎళ్ళిపోతారేంటే ఎక్కడైనా?" అని, నా వైపు చూసి, "మా ధనం కూడా ఒక్కతే చేసుకోలేదు," అంది.

ఫోన్ పెట్టేసి, గంపెడు రొయ్యలు ముందేసుకుని బాలింతకి పొట్టు తియ్యడానికి కూర్చుంది. నేను గుడ్డ పక్కన పడేసి వెళ్ళి తన పక్కన కూర్చున్నాను.